కోసినవాడే ముందు చెప్పాలి

మిషను ఆగింది. బెంచీ మీద వెల్లకిలా పడుకున్న కటింగు మాస్టరు కళ్లు తెరవకుండానే చెవులు రిక్కించాడు. తెరకి అవతల భార్య కోటు కుడుతోంది. ఇవతల ఈయన, భోంచేశాక కాసేపు నడుం వాల్చమని ఆవిడే తోలితే వచ్చి వాలాడు గానీ, నిద్రెక్కడిది. ఏళ్ల తరబడి ఆ మిషను చప్పుడు వింటున్నవాడు, ఆవిడ ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడానికి చూడక్కర్లేదు. గుక్క తిప్పుకోకుండా సాగితే అది పక్కకుట్టు. ఆగి ఆగి, పొడిదగ్గులా ముక్కలు ముక్కలుగా వస్తే జేబు. మిషను ఆగి ఇస్త్రీపెట్టె బుస్సుమంటే కుట్టు అణుస్తోందన్నమాట. ఇప్పుడు బుస్సుమంది. సరే, ముందువైపు ముక్కలు అయ్యాయి, ఇక జేబులు. కింద రెండు, గుండె మీద ఒకటి. తరవాత వీపు, పక్కలు, భుజాలు, కాలరు, అన్నిటికంటే చివర చేతులు. చేతులదాకా రావడానికి ఇంకా చాలా ఉందిలే అనుకున్నాడు, అనుకున్నాక ఆ చేతుల దగ్గరే మనసు, గోరు తగిలిన పట్టుగుడ్డలా, చిక్కుకుపోయింది.

ఏమిటది. నిన్న పొద్దున కోశాడు వాటిని. మామూలుగా అయితే గుడ్డని రెండు మడతలు వేసి, పైన అట్ట అచ్చు పెట్టి, సుద్దతో గీసి కోసేస్తే ఎడమదీ కుడిదీ వాటంతటవే జతగా వస్తాయి, నిద్రలో కోసినా తప్పు రాదు. కానీ ఈ గుడ్డ పొట్టి. క్లారినెట్ వాయించే ఆయన ఎక్కడో చివరి ముక్క దొరికిందని మురిసిపోతూ పట్టుకొచ్చాడు, ముదురు నీలం, ముఖం నిగనిగ, వీపు వెలవెల, తాకితే పిల్లి ఒళ్లులా ఉంది. మడత వేస్తే చాలదు. కాబట్టి పరిచి, ఒక్కో చెయ్యీ విడిగా కోయాల్సి వచ్చింది. విడిగా కోసినప్పుడు, ఒకటయ్యాక అట్టని బోర్లా తిప్పాలి. మొదటిదాని మోచేతి వంపు కిటికీ వైపుంటే రెండోదాని వంపు గోడ వైపు ఉండాలి. ఇది కొత్తగా కత్తెర పట్టినవాడికి మొదటివారంలో చెప్పే ముచ్చట. నిన్న మొదటి చెయ్యి కోస్తుంటే వంపు మీద ఎండ పడింది, సుద్దగీత మెరిసింది, బాగుందే అనుకున్నాడు. రెండోది కోస్తున్నప్పుడు కూడా... కూడా మెరిసింది. అవును. మెరిసింది. రెండుసార్లూ ఎండే. రెండుసార్లూ కిటికీ వైపే. మాస్టరు కళ్లు తెరిచాడు. పైన ఫ్యాను బద్ధకంగా తిరుగుతోంది. ఓరి నాయనో, రెండూ ఎడమవే కోశాను.

తెర అవతల దగ్గు మొదలైంది. మొదటి జేబు.

పిలిస్తే పలుకుతుంది. అంతదూరం కూడా లేదు, మధ్యలో ఉన్నది ఓ పాత దుప్పటి. "ఏమేవ్, ఆపు" అంటే చాలు. నోరు తెరిచాడు, తెరిచిన నోట్లోంచి ఆవలింత వచ్చింది. ఇంత భయంలో ఆవలింతేమిటి, సిగ్గులేని ఒళ్లు. ఒకవేళ కలేమో. ఎండ మొదటిసారి పడిందేమో, రెండోసారి పడ్డట్టు ఇప్పుడు అనిపిస్తోందేమో. లేచి వెళ్లి కోసిన ముక్కలు పక్కపక్కన పెడితే క్షణంలో తేలిపోతుంది. తేలిపోతుందనే కదా లేవనిది. బల్ల ఈ కోటు మీదే ఆధారపడి ఉంది. కటింగు బల్ల, పని నేర్పిన పెద్ద మాస్టరు కన్నుమూసేముందు ఇచ్చిపోయిన బల్ల, మోచేతులు ఆని ఆని రెండుచోట్ల పల్లాలు పడిన బల్ల. పక్కన రెడీమేడ్ బట్టలాయన ముందుగది తనకిస్తే గాజు తలుపులు పెట్టి దుకాణం పెంచుకుంటానని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. బల్లని వడ్రంగి కొంటానన్నాడు. బావమరిది మధ్యవర్తిగా కూర్చుని తేల్చిన మాట ఏమిటంటే, ఈ ఒక్క కోటు బావ సొంతంగా కోసి, అది నిలబడితే, బల్ల ఉంటుంది, బావే కటింగు మాస్టరు. నిలబడకపోతే ముందుగది ఇచ్చేసి, అక్క వెనకగదిలో జిప్పులు మారుస్తూ, అంచులు మడుస్తూ కూర్చుంటుంది, బావ ఆవిడకి దారం ఎక్కిస్తూ కూర్చుంటాడు. దారం ఎక్కించడానికి కూడా రెండు చేతులు కావాలిరా అబ్బీ అని అప్పుడే అందామనుకున్నాడు. అనలేదు. అందరూ అంత మర్యాదగా మాట్లాడుతుంటే మనిషికి ఏమీ అనబుద్ధి కాదు.

మర్యాదకేం, మంచం పట్టినవాడికి అదొక్కటే కదా ఊరికే దొరికేది. పక్షవాతంతో కుడిపక్క పడిపోయినప్పుడు చూడ్డానికి వచ్చినవాడల్లా ఒక సామెతో ఒక నీతో పట్టుకొచ్చాడు, ఒక్కడూ వీపు గోకలేదు. కష్టాలే మనిషిని రాటుదేలుస్తాయన్నారు. దెబ్బలు తినందే రాయి బొమ్మ కాదన్నారు. బావమరిదయితే మరీను, కుర్చీ దగ్గరికి లాక్కుని, "బావా, బంగారం నిప్పులో పడితేనే గదా మెరిసేది" అన్నాడు. నాయనా, నిప్పులో పడ్డ బంగారాన్ని ఎలా ఉందమ్మా అని ఎవడైనా అడిగాడా? మెరుస్తుంది, నిజమే, మెరిసేది చూసేవాడికి. ఇంకోటి, గట్టివాడని పేరు పడితే చాలు, ఇక వాడి మీద ఎంతైనా మోపచ్చు. గట్టి మేకుకే గదా అందరూ చొక్కాలు తగిలించేది. గట్టివాడినని మురిసిన రోజులు ఆయనకీ ఉన్నాయి, లేకపోలేదు, కానీ ఇప్పుడు ఎవరైనా "మాస్టారూ, మీరు చాలా గట్టివారండీ" అంటే ఒళ్లంతా నీరసం వస్తుంది. గట్టిదనం ఎక్కడుందో చూపిస్తే నేనూ చూస్తాను. ఉన్నదల్లా అలసటే. పొద్దున లేస్తే అలసట, చొక్కా బొత్తాలు ఒంటిచేత్తో పెట్టుకునేసరికి ఆ రోజుకి సరిపడా పని అయిపోయినంత అలసట.

జేబు చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది. రెండోది. ఇస్త్రీపెట్టె బుస్సుమంది. చెప్పాలి.

ఎడమచేతికి కత్తెర ఎక్కడం అంటే ఏమిటో చెప్పుకుంటే ఎవరికీ అర్థం కాదు. కత్తెర కుడిచేతివాళ్ల కోసం పుట్టింది. ఎడమచేత్తో పడితే పై రేకు సుద్దగీతని కప్పేస్తుంది, ఎక్కడ కోస్తున్నావో నీకే కనపడదు. రేకులు రెండూ ఒకదాన్నొకటి తోసుకుని మధ్యలో గుడ్డని నములుతాయి. అమ్మాయి, కన్నకూతురు, ఎడమచేతివాళ్ల కత్తెర ఒకటి కొని పంపింది పాపం. ఎర్రపిడి, తేలిక, పిల్లల బడిలో కాగితం పువ్వులు కోసుకునే దానిలా ఉంది. దాన్ని ఆశీర్వదించి సొరుగులో పెట్టి, పెద్ద మాస్టరు కత్తెరే పట్టుకున్నాడు. ఇది పొగరని భార్య అంది. పొగరే. పొగరు కూడా లేకపోతే మంచంలోంచి లేపేదేముంది? పాత పేపర్లు బొత్తులు బొత్తులుగా కోశాడు. మొదట్లో ఎలకలు కొట్టినట్టు వచ్చేవి. బొటనవేలితో పిడిని బయటికి కాదు, లోపలికి, అరచేతి వైపు, లాగిపెడితే రేకులు కలుస్తాయని తెలియడానికి చలికాలం గడిచిపోయింది. తెలిసిన రోజు ఒక పేపరు వంపు తిరిగి ఒక్క చిరుగు లేకుండా విడివడింది, దాన్ని వెలుగుకి పెట్టి చూసుకుంటూ కూర్చుని ఏడ్చాడు, ఆవిడ చూసి ఏమైందండీ అని పరిగెత్తుకొస్తే కంట్లో నలక అన్నాడు. రెండు కళ్లల్లోనూనా అంది ఆవిడ. అప్పట్నుంచీ బల్లకి రెండోపక్క నిలబడటం అలవాటు చేసుకున్నాడు. ఇదివరకు కిటికీకి ఎడమవైపు నిలబడేవాడు, ఇప్పుడు కుడివైపు. అద్దంలో తన దుకాణం తనే చూసుకుంటున్నట్టు అన్నీ తారుమారు, కొలతటేపు అటు, సుద్ద ఇటు. ఆ తారుమారులోనే, ఆ అద్దంలోనే, తిప్పాల్సిన అట్ట తిప్పకుండా ఉండిపోయింది. తిప్పేశాననే అనుకుని ఉంటాడు. తనే అటు తిరిగి నిలబడ్డాడు కదా, అట్ట కూడా తిరిగిందనుకున్నాడు. ఇన్నాళ్లూ చేతికి నేర్పాడు. బుర్రకి నేర్పడం మర్చిపోయాడు.

గుక్క తిప్పుకోని చప్పుడు. పక్కకుట్టు. అమ్మో, తొందరగానే వచ్చేసింది. గుండె మీది జేబు ఎప్పుడు కుట్టింది, విననేలేదే. కునుకు పట్టిందా?

పెద్ద మాస్టరు దుకాణంలో ఒకటే చట్టం ఉండేది. ఆలస్యంగా రా, తిట్టడు. సూది విరగ్గొట్టు, తిట్టడు. తప్పు కోస్తే మాత్రం, కుట్టేవాడు ఆ ముక్క కుట్టేలోపు కోసినవాడే నోరు విప్పి చెప్పాలి. కుట్టేవాడు కనిపెట్టాక "అవునవును, నాకూ అనుమానం వచ్చింది" అన్నావో, ఆ రోజుతో సరి, రేపట్నుంచి ఇంకో దుకాణం చూసుకో. కోసినవాడే ముందు చెప్పాలి. ఎందుకండీ అంటే, "గుడ్డ పోతే ఇంకో గుడ్డ వస్తుంది, కుట్టేవాడికి నీ కోత మీద నమ్మకం పోతే ప్రతి ముక్కా కొలుచుకుని కుడతాడు, ఇక దుకాణం నడిచినట్టే" అనేవాడు. అలా అన్న మనిషి ఒకరోజు తనే కోసిన కోటులో మెడ దగ్గర వచ్చే గల్లాపట్టీ ఒక అంగుళం కిందికి కోసేశాడు. ఎవరూ చూడలేదు. చూసినా పెద్దాయన్ని అనే మొనగాడెవడు? ఆయన కత్తెర బల్ల మీద పెట్టి, మిషన్ల దగ్గరికి నడిచొచ్చి, "గల్లా తప్పు కోశానర్రా, కుట్టకండి" అని చెప్పి, టీ తాగి, మళ్లీ వెళ్లి బల్ల దగ్గర నిలబడ్డాడు. అంతే. ఆ సంగతిని మాస్టరు ఎంతమందికి చెప్పాడో, ఎంత గొప్పగా చెప్పాడో, ఏమి ధైర్యమండీ ఆయనది అని. ఇప్పుడు బెంచీ మీద పడుకుని ఆ ముఖం గుర్తు తెచ్చుకుంటే, చిత్రం, ధైర్యంలాంటిదేమీ కనపడటం లేదు. కళ్లకింద సంచులు, పెదాల మీద ఎండిన టీ మరక, ఎప్పుడు ఇంటికిపోయి పడుకుందామా అన్నట్టున్న ముఖం. అలిసిపోయిన మనిషి. అంత అలసటలోనూ మిషన్ల దాకా నడిచాడు, అదొక్కటే తేడా.

మళ్లీ కాసేపు కునుకు పట్టినట్టుంది, తేరుకునేసరికి మళ్లీ దగ్గు. జేబు. మళ్లీ జేబేమిటి, పక్కకుట్లు అయ్యాక? నచ్చక విప్పి మళ్లీ వేస్తోందేమో. ఆవిడ అంతే, కుట్టు వెంట్రుకవాసి వంగినా పడదు. వేసుకోనీ, ఎంతసేపైనా వేసుకోనీ, చేతులదాకా రాకుండా ఉంటే అంతే చాలు. ఇంకో ఆలోచన, పాము పడగెత్తినట్టు నెమ్మదిగా లేచింది. చెప్పకపోతే? నిద్రపోతున్నట్టు పడుకుంటే? ఆవిడే కనిపెడుతుంది. కనిపెట్టి, ఒక నిట్టూర్పు విడిచి, ఎలాగోలా సర్దేస్తుంది, సర్దడం ఆవిడకి కొత్తా? సాయంత్రం కచేరీకి ముందు క్లారినెట్ ఆయన వచ్చి కోటు వేసుకుని పోతాడు. బావమరిదికి కబురు వెళ్తుంది, బావ గెలిచాడని. ఆవిడ నోరు విప్పదు. తను అడగడు. ఎంత హాయి. ఇద్దరూ ముసలాళ్లయ్యేదాకా ఆవిడ ప్రతి ముక్కా కొలుచుకుని కుడుతుంది, తనకి తెలియనట్టు కొలుస్తుంది, తను చూడనట్టు ఉంటాడు.

ఆవిడ సర్దింది ఇదొక్కటేనా? తను పడిపోయేదాకా బొత్తాలూ కాజాలూ తప్ప కోటు ముట్టనిది, పడిపోయాక కోట్లు నేర్చుకుంది. వచ్చినవాళ్లతో బేరమాడటం నేర్చుకుంది, అరువు అడిగేవాళ్లని నవ్వుతూ తిప్పి పంపడం నేర్చుకుంది. దుకాణం తెరిచేలోపు ఈయనకి స్నానం చేయించి, మూసాక కాళ్లు పట్టి, నడుం పట్టేసి మెట్లు దిగలేక ఒక్కోసారి మెట్టు మీదే కూర్చుండిపోయేది. అందరూ ఈయన్నే గట్టివాడన్నారు. ఆవిణ్ని ఎవరూ ఏమీ అనలేదు, ఆవిడకి చెప్పడానికి ఒక్క సామెత కూడా దొరకలేదు ఎవరికీ. తనైనా, నీకు అలసటగా లేదుటే అని ఒక్కపూట అడిగాడా? అడిగితే ఉందంటుందని భయం. ఉందంటే ఏం చేయాలో తెలియదు. కళ్లు మంట పుట్టాయి మాస్టరుకి. కంట్లో నలక. రెండు కళ్లల్లోనూ.

జేబు చప్పుడు. మళ్లీ ఆగింది. ఎన్ని జేబులే తల్లీ ఈ కోటుకి.

లేవాలి. లేవడమంటే, ముందు ఎడమచెయ్యి గోడకి ఆనించాలి, దాన్ని ఆసరా చేసుకుని ఒళ్లు పక్కకి దొర్లించాలి, ఎడమకాలు కింద పెట్టాలి, కుడికాలిని చేత్తో ఎత్తి దాని పక్కన పెట్టాలి, అలిగిన పిల్లని లాక్కొచ్చి పీట మీద కూచోబెట్టినట్టు. తరవాత ఊపిరి. తరవాత చేతికర్ర. చేతికర్ర బెంచీ కిందికి దొర్లిపోయింది, ఇప్పుడే పోవాలా నీకు! కాలితో లాగాడు, అందలేదు, సరే పో అనుకుని గోడ పట్టుకునే లేచాడు. తెర ఎంతో దూరం లేదు. ఎంత దూరం ఉందో కుడికాలికి తెలుసు. నడుస్తుంటే నోట్లో మాట తయారవుతోంది. గుడ్డ పొట్టి కావడంవల్ల అని మొదలుపెట్టాలా? అబ్బే, గుడ్డ ఏం చేసింది. ఎండ కళ్లల్లో పడిందని? ఎండ ఏం చేసింది. పెద్ద మాస్టరు గుడ్డనీ ఎండనీ ఏమీ అనలేదు. తప్పు కోశానర్రా అన్నాడు. అంతే మాట. అంతకంటే పొడుగు మాటకి ఊపిరి కూడా లేదు. తెర పక్కకి లాగాడు.

ఆవిడ తల ఎత్తలేదు. మిషను నడుస్తూనే ఉంది.

"రెండూ ఎడమ చేతులే కోశానే" అన్నాడు మాస్టరు. "కుట్టకు."

మిషను ఆగింది. ఆవిడ కాళ్లు పెడలు మీదే ఉన్నాయి. కళ్లజోడు తీసి, కొంగుతో తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది.

"పొద్దున జత పెట్టి చూశాను. కుదరలేదు" అంది.

"పొద్దున్నా?"

"పొద్దున్నే."

అప్పుడు చూశాడు ఆయన. మిషను కింద ఉన్నది కోటు కాదు. దుకాణంలో మూల పడుండే పాత చారల గుడ్డ. దాని మీద జేబు కుట్లు, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి, ఎక్కడికీ పోని జేబులు. కోటు ఒళ్లంతా పూర్తయి, కాలరుతో సహా, కొయ్యబొమ్మకి తొడిగి ఉంది. చేతులు లేకుండా.

"ఎప్పుడో అయిపోయిందిగా!" అన్నాడు.

"అయిపోయిందంటే మీరు లేచేవారా? చప్పుడు ఆగితే చేతులకి వచ్చేశాను, ఇక చెప్పి లాభం లేదనుకుంటారు. అందుకని ఆపలేదు. కాళ్లు పడిపోతున్నాయి నాకు." గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "మీ పెద్ద మాస్టరు చట్టమే కదా, కోసినవాడే ముందు చెప్పాలని. మన పెళ్లయిన కొత్తలో రోజూ చెప్పేవారు, నాకు కంఠతా వచ్చు."

"నేను చెప్పకపోతే?"

"సాయంత్రం తమ్ముడికి ఫోను చేసేదాన్ని, బల్ల పట్టుకుపొమ్మని." తల వంచి చారల గుడ్డలోంచి దారం తెంపింది. "తప్పు కోత నేను సర్దగలను. అది దాచుకుని పడుకున్న మనిషిని సర్దే ఓపిక లేదండీ, నిజంగా లేదు."

మాస్టరు గోడకి ఆనుకున్నాడు. అనాల్సినవి చాలా ఉన్నాయి, అలసటగా ఉందా అన్నది వాటిలో ముందుంది, కానీ నోటికి వచ్చింది ఇంకోటి, పనికి సంబంధించిందే. "కుడిది ఎలా మరి. తిరగేస్తే వెలవెలపోయే వీపు పైకొస్తుంది, వేరే ముక్కా లేదు కదా."

"రెండోదాన్ని తిరగ్గోస్తే వెడల్పు తగ్గుతుంది. తగ్గినచోట అతుకు వేయాలి. కోటు ముందంచు లోపలి పట్టీ కింది సగం ఎవరికీ కనపడదు, అక్కడ వేరే నీలంగుడ్డ వేసేశా. అక్కడ వేయాల్సిన అసలు ముక్క అతుకు కోసం విడిగా తీసిపెట్టా."

అతుకు. ఆ బల్ల మీద ఆయన చేత్తో కోసిన కోటుకి ఇన్నేళ్లలో అతుకు పడలేదు. అతుకేసే దుకాణం అవతలి వీధిలో ఉంది అనేవాడు వచ్చినవాళ్లతో, మీసం కింద నవ్వుకుంటూ. ఇప్పుడు మీసమూ ఒకపక్కే నవ్వుతుంది. "చంక కింద వేస్తే" అన్నాడు నెమ్మదిగా, "ఆయన చెయ్యెత్తి బస్సు ఆపితే తప్ప కనపడదు."

"కనపడకపోయినా ఆయనకి చెప్పాలి."

"నేను చెప్తాను. నేనే చెప్తాను."

ఆవిడ లేచింది. మోకాళ్లు పట్టుకుని లేచి, నడుం ఓసారి నొక్కుకుని, చెక్కబీరువా మీంచి తప్పుచెయ్యీ అట్టా తెచ్చి బల్ల మీద పరిచింది. మాస్టరు బల్ల అంచు పట్టుకుంటూ చుట్టూ తిరిగి వచ్చి తన కొత్త చోట నిలబడ్డాడు. ఆవిడ అట్టని బోర్లా తిప్పి పెట్టింది. వంపు గోడ వైపు పడింది. ఇద్దరూ దానివంక చూశారు, ఒకళ్లనొకళ్లు చూసుకోలేదు. ఆయన ఎడమచేత్తో సుద్ద గీశాడు, గీత కొంచెం పక్కకి పోయింది, తుడిచి మళ్లీ గీశాడు. కత్తెర అందుకున్నాడు. కుడిచెయ్యి గుడ్డని అదిమి పట్టాలి, అది పట్టదు, నిన్న దానికి బదులుగా ఇనప ఇస్త్రీపెట్టె పెట్టుకున్నాడు. ఇవాళ పెట్టెకోసం చూస్తుంటే ఆవిడ తన అరచెయ్యి గుడ్డ మీద పరిచి అదిమింది. వేళ్ల చివర్లు సూదిపోట్లతో నల్లగా ఉన్నాయి. చెయ్యి వెచ్చగా, బరువుగా ఉంది.

"కాళ్లు పడిపోతున్నాయన్నావు" అన్నాడు మాస్టరు. "కాసేపు కూర్చోవే. ఇంకా టైముంది."

"కూర్చుంటే మళ్లీ లేవలేను" అంది ఆవిడ. "కోయండి."